టైటానిక్ తెలుసు, ఈత రాదు

మునిగిపోయిన ఓడల గురించి నాకు తెలిసినంత మా ఆఫీసులో ఇంకెవరికీ తెలియదు. ఇదేమీ గొప్ప కాదు. సముద్రానికి ఇంత దూరంలో, కోకాపేటలో మబ్బుల్లోకి లేచిన ఒక టవర్‌లో, పొద్దస్తమానం కంప్యూటర్ల ముందు కూర్చునే జనంలో నాకు పోటీ వచ్చేవాళ్ళెవరు?

నేను పుట్టి పెరిగింది విశాఖపట్నంలో. మా ఊరి తీరానికి కాస్త అవతల, డెబ్బై ఒకటి యుద్ధంలో మునిగిపోయిన శత్రుదేశపు జలాంతర్గామి ఇప్పటికీ సముద్రం అడుగున ఉంది. చిన్నప్పుడు సాయంత్రం బీచ్‌కి తీసుకెళ్తే మిగతా పిల్లలు ఇసుకలో గుళ్ళు కట్టుకునేవారు. నేను మొక్కజొన్న కండె తింటూ నీళ్ళకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. అంత పెద్ద ఇనుప ఓడ, లోపల మనుషులతో సహా, ఆ నీళ్ళ కింద ఉంది. పైన మాత్రం ఏమీ జరగనట్టు అలలు వస్తూనే ఉన్నాయి. ఈ సంగతి నాకు ఎంతకీ మింగుడుపడేది కాదు. చర్చిలో ఆదివారం బడికి వెళ్తే, పెద్ద చేప కడుపులో ఉండి బయటపడ్డ ప్రవక్త కథ చెప్పారు. "లోపలికి గాలి ఎలా వచ్చిందండీ?" అని అడిగాను. టీచరమ్మ నన్ను బయటి గాలి పీల్చుకోమని వరండాలోకి పంపించేసింది.

పెద్దయ్యాక ఆ పిచ్చి ముదిరింది. ఏ ఓడ ఎక్కడ మునిగింది, ఏ జలాంతర్గామిలో ఏ గొట్టం పగిలింది, ఎంత లోతులో ఇనుము అప్పడంలా నలిగిపోతుంది, ఇవన్నీ నా నాలుక చివరే ఉంటాయి. ఆఫీసులో సర్వర్ పడిపోతే ఎందుకు పడిందో తేల్చే మీటింగు పెడతారు. అందులో నేను నోరు విప్పానంటే మా మేనేజర్ చెయ్యి అడ్డం పెట్టేవాడు. "బ్రో, ప్లీజ్. ఓడల కథలొద్దు. మన సర్వర్ ఎందుకు మునిగిందో ఒక్కటి చెప్పు చాలు" అనేవాడు.

నా భార్య నర్సు. గచ్చిబౌలిలో ఒక దవాఖానాలో పనిచేస్తుంది. వాళ్ళది కరీంనగర్ వైపు. డ్యూటీ నుంచి మణికొండలోని మా ఫ్లాట్‌కి వచ్చి, నేను ఫోన్లో సముద్రపు అడుగు వీడియోలు చూస్తూ కనిపిస్తే, "నేను పొద్దంత మనుషుల్ని బతికియ్యనీకి తిప్పలు పడితే, నువ్వు ఇంట్ల కూసోని మునిగినోళ్లని చూస్తున్నవా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

కొన్నేళ్ళ కిందట, టైటానిక్‌ని చూడ్డానికి కిందికి దిగిన ఒక చిన్న సబ్‌మెరైన్ మాయమైందని వార్త వచ్చింది. ఆ వారం కేఫటేరియాలో నా బల్ల చుట్టూ కుర్చీలు సరిపోలేదు. ఎప్పుడూ పలకరించని వాళ్ళు కూడా ప్లేట్లు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. అక్కడ వెలుతురు ఉంటుందా, ఫోన్ పనిచేస్తుందా, తాడు వేసి లాగలేరా అని ఒకటే ప్రశ్నలు. నేను ఉప్పు డబ్బాని ఓడ చేసి, చెంచాని సబ్‌మెరైన్ చేసి, సాంబారు గిన్నెలో అంతా చూపించాను. అప్పుడు, కొత్తగా చేరిన టెస్టింగ్ అమ్మాయి చాలా మర్యాదగా ఒక మాట అడిగింది.

"సార్, మీకు ఈత బాగా వచ్చు కదా?"

చెంచా సాంబారులో ఆగిపోయింది.

మా బీచ్‌లో అలలు మనిషిని లోపలికి లాగేస్తాయని మా అమ్మకి భయం. పాదాలు తడవడమే నాకు దొరికిన సముద్రం. ఆ భయం నాలో ఎంతగా నాటుకుపోయిందంటే, షవర్ కింద కూడా ముఖం పక్కకి తిప్పుకునే నిలబడతాను. "రాదమ్మా" అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వు ఆపుకోవడానికి పడిన పాట్లు చూసి చివరికి నేనే నవ్వాను. రెండు రోజుల తర్వాత ఆ సబ్‌మెరైన్‌లో వాళ్ళెవరూ బతికి లేరని తెలిసింది. ఆ మధ్యాహ్నం ఉప్పు డబ్బాని ఉప్పుకే వాడుకున్నాం. అన్నం తినేసి లేచాం.

ఈ సంగతంతా నా భార్య వాళ్ళమ్మకి చేరవేసింది. మా అత్తగారు బడి పంతులమ్మగా రిటైరై, తెల్లాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. వాళ్ళుండేది ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ. లోపల స్విమ్మింగ్ పూల్ ఉంది. మేం ఆదివారం చర్చి అయ్యాక అక్కడికే భోజనానికి వెళ్తాం. ఆ ఆదివారం ఆవిడ నాకు మటన్ వడ్డిస్తూ అడిగింది.

"ఏంది అల్లుడు, ఈత రాదంట నీకు?"

"రాదండి అత్తయ్యగారూ."

"సముద్రం ఒడ్డున పుట్టి ఈత రాదా! మాకాడ సముద్రం లేకపాయె, గట్లనని ఊకున్నమా? మా బాపు పొలంకాడి బాయిల నడుముకు సొరకాయ బుర్ర కట్టి నూకిండు నన్ను. ఊరి పిల్లలందరిల నేనే ఫస్టు. వచ్చే వారం చెడ్డీ తెచ్చుకో."

కాదనడానికి నోట్లో ముక్క అడ్డం పడింది.

మరుసటి వారం పూల్ దగ్గర మొదటి చిక్కు సెక్యూరిటీతో. ఈత బట్టలు ఉంటేనే నీళ్ళలోకి దిగనిస్తామన్నాడు. మా అత్తగారు పంజాబీ డ్రెస్‌లో వచ్చింది. "బాయిల మమ్మల్ని ఎవడు అడిగిండు?" అని వాదించి, గెలవలేక, కూతురి చేత మెడ నుంచి మడమల దాకా కప్పే నల్లని ఈత సూటు తెప్పించుకుంది. నెత్తి మీద రబ్బరు టోపీ. అచ్చం వెనకటి నౌకాదళపు డైవర్‌లా ఉందని మెచ్చుకున్నాను. ఆవిడ అద్దం ఎక్కడుందని అడిగింది.

చదువు అలా మొదలైంది. మెట్టు పట్టుకుని కాళ్ళు ఆడించడానికే నాకు చాలా వారాలు పట్టింది. ముఖం నీళ్ళలో పెట్టమంటే నీటి ఒత్తిడి గురించి ఉపన్యాసం ఎత్తుకునేవాణ్ణి. ఆవిడ బడిపిల్లల్ని చూసినట్టే చూసేది.

"అయిందా? ఇగ ముంచు మొకం."

వెల్లకిలా తేలడం నేర్పేటప్పుడు నా వీపు కింద అరచెయ్యి పెట్టి, "ఎందుకు గంత బిగబడ్తవు? నీళ్లు నిన్ను మోస్తయి బిడ్డా. నువ్వు నీళ్లను మోయకు. జర ఇడిసిపెట్టు" అంది. వదిలిపెట్టాను. పైన ఆకాశం, పక్కన అపార్టుమెంట్ల బాల్కనీల్లో ఆరేసిన దుప్పట్లు కనిపించాయి. ఆవిడ చెయ్యి ఎప్పుడు తీసేసిందో నాకు తెలియనే లేదు. కాసేపటికి దూరం నుంచి ఆవిడ మాట వినిపించింది. అంత దూరంగా ఎందుకుందా అని ఆలోచించిన మరుక్షణమే మునిగాను.

అసలు కథ ఎండాకాలంలో జరిగింది. సాయంత్రం పూల్ నిండా పిల్లలు. నేను లోతు తక్కువ వైపు నుంచి మధ్య దాకా ఈదుతూ వచ్చి, గర్వంగా తలెత్తి చూద్దును కదా, నా ఈత చెడ్డీ నాతో రాలేదు. సగం దారిలో జారి, వెనకాల ఒంటరిగా తేలుతోంది. లోతు వైపు గట్టు పట్టుకుని చూస్తున్న మా అత్తగారు తల వెనక్కి వేసి, నోరారా నవ్వింది. నేను గబగబా చెడ్డీ పట్టుకుని తొడుక్కునేలోపల ఆ నవ్వు మధ్యలో తెగిపోయింది. చూస్తే, ఆవిడ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

"అల్లుడు, నా పండ్లు! నా పండ్లు పోయినయి!"

గట్టు మీద కుర్చీలో పేపరు చదువుతున్న గోదావరి జిల్లా పెద్దాయన ఒకరు చటుక్కున లేచారు. "పళ్ళేంటండీ? పూల్‌లోకి పళ్ళూ ఫలహారాలూ తేకూడదని బోర్డు రాసుందండి! అరటిపళ్ళా అండి, ద్రాక్షా అండి?"

"తినే పళ్ళు కాదండీ, నమిలే పళ్ళు. కట్టుడు పళ్ళు!" అన్నాను.

ఆయన నాలుక్కరుచుకుని, పేపరు పక్కన పడేసి, పిల్లలందర్నీ గట్టెక్కించే పని తనమీద వేసుకున్నారు. నీళ్ళు నిలకడయ్యాయి. అప్పుడు పూల్ చుట్టూ నిలబడ్డ జనమంతా నా వైపు చూశారు. ఓడల పిచ్చి అల్లుడిగా ఆ కమ్యూనిటీలో నాకు అప్పటికే పేరుంది.

సముద్రంలో పోయిన వస్తువుని ఎలా వెతుకుతారో నాకు తెలుసు. నాగలితో సాలు వెంట సాలు దున్నినట్టు, ఒక అంచు నుంచి మొదలుపెట్టి వరసగా చూసుకుంటూ రావాలి. తోచిన చోటల్లా దూకకూడదు. ఈత కళ్ళద్దాలు బిగించుకుని, ముఖం నీళ్ళలో పెట్టి, సాలు వెంట సాలు ఈదాను. తెల్లగా మెరిసింది ఒకటి కనబడింది. తీస్తే, విరిగిన టైలు ముక్క. ఇంకోటి ఎవరిదో జుట్టు క్లిప్పు. గట్టు మీద నుంచి సలహాలు కురుస్తున్నాయి. మా అత్తగారు మాత్రం నోరు మూసుకునే చేత్తో కుడి, ఎడమ చూపిస్తోంది.

చివరి సాలులో దొరికాయి. లోతు వైపు, నీళ్ళు బయటికి పోయే జాలీ పక్కన, గులాబీ రంగు చిగుళ్ళతో పైకి చూసి నవ్వుతున్నాయి.

గుండె నిండా గాలి పీల్చి, తల కిందికి పెట్టి మునిగాను. రెండు తన్నులు తన్నేసరికి బెండులా పైకి తేలాను. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ తేలాను. ఇన్ని నెలలు మునగకుండా ఉండడానికి నానా అవస్థా పడ్డవాణ్ణి, తీరా మునగాల్సి వచ్చేసరికి మునగలేకపోతున్నాను.

మా అత్తగారు ఇక ఉండబట్టలేక చెయ్యి తీసేసి అరిచింది. పళ్ళు లేకపోవడంతో మాటలో సగం గాలే. "ఊపిరి పట్టకు! ఇడువు! అంత ఇడిసి దిగు!"

ఉన్న గాలంతా వదిలేస్తూ దిగాను. బుడగలు నా చెవుల పక్కనుంచి పైకి పోయాయి. నేను కిందికి పోయాను. చెవుల్లో చిన్నగా నొప్పి. తర్వాత ఒక నిశ్శబ్దం, హైదరాబాదులో నేనెప్పుడూ వినని నిశ్శబ్దం. జాలీ మీద ఎండ వలలా కదులుతోంది. ఇది నేను చదివిన లోతుల్లో ఏ మూలకీ చాలదు, ఒక నిచ్చెనంత కూడా ఉండదు. అయినా నా మోకాలు పూల్ అడుగుకి తగిలినప్పుడు ఒళ్ళు జలదరించింది. పళ్ళు అందుకున్నాను. కాళ్ళతో అడుగుని తన్ని పైకి వచ్చి, చెయ్యి ఎత్తి చూపించాను. గట్టంతా చప్పట్లు. గోదావరి పెద్దాయన "శభాషండీ!" అని తడిసిన నా భుజం తట్టారు.

మా అత్తగారు అందుకుని నోట్లో పెట్టుకోబోయింది. అప్పుడే డ్యూటీ దిగి గేటులోంచి వస్తున్న నా భార్య పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "అమ్మా! గా నీళ్లల్ల ఎంతమంది పిల్లలు ఏం జేసిన్రో! ముందు కడుగు!"

ఆ సాయంత్రం తర్వాత పూల్ దగ్గర పరిస్థితి మారిపోయింది. ఈత రాని ఆడవాళ్ళు ఒక్కొక్కరే మా అత్తగారి దగ్గరికి వచ్చారు. మొదట పక్క టవర్ కోడలు, తర్వాత ఆమె అత్తగారు, తర్వాత కాకినాడ నుంచి వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఇప్పుడు అక్కడ ఒక బడే నడుస్తోంది. నాకు పాఠం కావాలంటే ముందుగా ఫోన్ చేసి చెప్పాలి. "గీ ఆదివారం ఖాళీ లేదు అల్లుడు, నీ ఈత నువ్వు కొట్టుకో" అంటుంది.

మొన్న వెళ్ళేసరికి వాళ్ళంతా గట్టు పట్టుకుని వరసగా కాళ్ళు ఆడిస్తున్నారు. ఆవిడ మధ్యలో నిలబడి కథ చెబుతోంది. లోకంలో అన్నిటికంటే లోతైన సముద్రపు గుంటలోకి వెనకటికి ఇద్దరు మనుషులు ఇనుప గోళంలో కూర్చుని దిగారు, ఇంకా అడుగు చేరకముందే కిటికీ అద్దం ఫట్టున చిట్లింది. ఈ కథ నేనే ఆవిడకి భోజనాల దగ్గర చెప్పాను.

"అయ్యో! ఏం చేశారండి మరి?" అని కాకినాడ ఆవిడ కాళ్ళు ఆపేసింది.

"ఏం జేస్తరు? ఒకలు రొట్టె తీసిన్రు, ఒకలు చాయ్ పోసిన్రు. తిని మళ్ల దిగిన్రు."

"అత్తయ్యగారూ, వాళ్ళు చాయ్ తాగలేదండి" అన్నాను గట్టు మీద నుంచి.

ఆవిడ వెనక్కి తిరక్కుండానే అంది. "నువ్వు చూసినవా? కాళ్లు ఆపకున్రి, కొట్టున్రి."

అందరూ కాళ్ళు కొట్టడం మొదలుపెట్టారు. నేను టోపీ తగిలించుకుని, వరస చివర ఖాళీ చూసుకుని నీళ్ళలోకి దిగాను.