నర్సమ్మగారి ముడుల పీలిక

పోయిన బుధవారం మధ్యాహ్నం మా నర్సమ్మగారు పోయారు. ఆశ్రమంలో ఒక తాతగారికి మెత్తటి అన్నం తినిపిస్తుంటే, ఆవిడ పక్కింటి అతను సైకిలు మీద వచ్చి గుమ్మంలోనే ఆగి చెప్పాడు. నేను వెంటనే లేవలేదు. తాతగారి నోట్లో ముద్ద ఉంది. అది దిగేదాకా కూర్చుని, మూతి తుడిచి, అప్పుడు లేచాను. "ముద్ద దిగిందని సూసే లెగాలే, ఎవరు పిలిచినా సరే" అని నాకు నేర్పింది ఆవిడే.

ఆవిడ గురించి పెద్ద పెద్ద మాటలు రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. తెలిసినంత, జరిగినంత రాస్తాను. ఇందులో నాకు సిగ్గుచేటైన సంగతి ఒకటుంది. అదీ రాస్తాను.

యానాంలో మా ఆశ్రమం ఒక పాత పెంకుటిల్లు. పద్నాలుగు ఇనప మంచాలు, వాటి మీద సొంతంగా లేవలేని ముసలివాళ్ళు. నేను అడవిపొలం నుంచి ఆయాగా చేరేనాటికి ఆవిడే అక్కడ పెద్ద నర్సు. ఫరంపేట మనిషి, మిషన్ ఆస్పత్రిలో పని నేర్చుకున్నారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం గోదావరి అవతలికి వినపడేది. మొదటిరోజు నేను, చేతులు కట్టుకుని, సేవ చేసుకుందామని వచ్చానండీ అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూశారు.

"సేవా లేదు గీవా లేదమ్మా ఇక్కడ. పనుంది. వాసనొస్తాది. వాంతొస్తే బయటికెళ్ళి చేసుకుని, నోరు కడుక్కుని మళ్ళీ రా."

ఆరోజు మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి వెనకాలే వచ్చి నిమ్మాకు నలిపి నా చేతిలో పెట్టారు.

ఆ పని ఎలాంటిదో చేసినవాళ్ళకే తెలుసు. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి పాత చీరలు అడిగి తెచ్చి, చింపి, పక్క గుడ్డలు చేసేవాళ్ళం. ముసురు పట్టిందంటే అవి ఆరవు. వంటింట్లో పొయ్యి పైన తాడు కట్టి ఆరేస్తే, ఆ పొగ వాసన మా అన్నంలోకీ వచ్చేది. చిల్లులు పడిన సైకిల్ ట్యూబులు షాపతన్ని బతిమాలి తెచ్చి, అతుకులు వేయించి, గాలి కొట్టి, గుడ్డ చుట్టి, మెత్తగా ఉంటాయని ముసలివాళ్ళ నడుము కింద పెట్టేవాళ్ళం. ఫ్రెంచివాళ్ళ పెన్షను తీసుకునే తాతగారొకాయన మాత్ర వేస్తే మా మొహానే ఉమ్మేసేవారు. నర్సమ్మగారు ఎక్కడ నేర్చారో, "బోంజూర్ మిస్యే" అని ఫ్రెంచిలో పలకరించి, వంగి దణ్ణం పెట్టి అందిస్తే మాత్రం దర్జాగా మింగేవారు. "ఈయనకి మందు కాదే, మర్యాద తగ్గింది" అనేవారు ఆవిడ.

లేవలేనివాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పకపోతే ఒంటి బరువుకే చర్మం చచ్చిపోయి పుండు పడుతుంది. చదువు రాని ఆయాలకి కాగితం మీద గళ్ళు గీసిస్తే ఏం లాభమని, ఆవిడ ప్రతి మంచం చువ్వకీ ఒక చీర పీలిక కట్టారు. తిప్పిన ప్రతిసారీ దానికి ఒక ముడి వెయ్యాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆరు ముడులు. సాయంత్రం ఆవిడ మంచం మంచానికీ వచ్చి, ఆ ముడులు తనే విప్పేవారు. ఎంత పని ఉన్నా ఆ ఒక్క పనీ ఎవరికీ ఇచ్చేవారు కాదు.

"ఏసేది మీరు, ఇప్పేది నేను" అనేవారు.

నాలుగో మంచం మామ్మగారికి తుంటి విరిగింది. పక్కకి తిప్పాలంటే ఇద్దరు కావాలి. ఆ వారం రెండో ఆయాకి అమ్మవారు పోసి ఇంటిదగ్గర ఉండిపోయింది. నర్సమ్మగారూ నేనూ ఇద్దరమే. ఆవిడ అవతలి గదిలో ఉంటే, ఇవతల నేనొక్కదాన్ని భుజం కింద చెయ్యి పెట్టగానే మామ్మగారు గావుకేక పెట్టేవారు.

"నన్ను కదపకే తల్లీ. నీ కాళ్ళకి దణ్ణం పెడతాను. ఇలా ఉండనియ్యవే."

నాకు జాలేసింది. ఒళ్ళూ అలిసిపోయింది. రెండిట్లో ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను. ఒక్కసారికి పోనీలే అని తిప్పకుండానే ముడి వేశాను, ఆరోజు తర్వాతవీ అలాగే వేశాను. మర్నాడు మధ్యాహ్నం మంచం పక్కన కూలబడి ఆరు ముడులూ ఒక్క ఊపులో వేసేశాను. మూడోరోజూ అంతే, పక్క గుడ్డ కూడా తిప్పకుండానే లాగి మార్చేశాను. మామ్మగారు నా బుగ్గ నిమిరి "నువ్వు మంచిదానివే" అన్నారు.

నాలుగోరోజు పొద్దున్న గుడ్డ మారుస్తుంటే వేరే వాసన వచ్చింది. నర్సమ్మగారు, నేను కలిసి పక్కకి తిప్పాం. నడుము కింద రూపాయి బిళ్ళంత నల్లమచ్చ, చుట్టూ చర్మం మెత్తబడి ఉంది. నర్సమ్మగారు దాన్ని చూశారు, నన్ను చూశారు. "నీళ్ళు కాచు" అన్నారు.

నల్లటిదంతా ఊడిపోయాక లోపల ఎముక కనపడింది. రోజూ పొద్దున్న ఆ పుండు నాచేతే కడిగించేవారు. నేను కళ్ళు మూసుకుంటే పట్టకారుతో నా మణికట్టు మీద చిన్నగా కొట్టేవారు. "సూడు. ఆవిడ మొయ్యగా లేంది, నువ్వు సూళ్ళేవా?" అనేవారు. మామ్మగారు నెల తిరక్కుండానే పోయారు. చివరిదాకా నన్ను మంచిదానివనే అన్నారు. ఆ మాట నన్ను తిన్నంతగా మరేదీ తినలేదు.

ఆశ్రమం కమిటీ పెద్దాయన వచ్చి అందరినీ నిలబెట్టి, ఇది ఎవరి నిర్లక్ష్యమని అడిగారు. నేను గోడ వారకి జరిగాను. నా జీతం మీదే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. నర్సమ్మగారు ఒక అడుగు ముందుకేసి "నాదేనండి" అన్నారు. ఆయన అక్కడికక్కడే మందుల బీరువా తాళాలు తీసేసుకున్నారు. ఆరోజు నుంచి ఆవిడ ఉత్త నర్సు. కొత్తగా పెద్ద నర్సుగా వచ్చిన చిన్న పిల్ల మాట వింటూ అక్కడే పనిచేశారు, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ. నన్ను ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ నన్ను కాపాడారనే అనుకున్నాను. ఎదురుపడినప్పుడల్లా తల దించుకున్నాను.

ఈ ఏడు ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పూర్తిగా పడిపోయింది. చెల్లెలుగారు చూసుకునేవారు. పొద్దున్న డ్యూటీకి వెళ్ళేముందూ, సాయంత్రం దిగాకా నేను వెళ్ళి తిప్పేదాన్ని. ఆవిడే సైగ చేసి తన మంచానికీ పీలిక కట్టించుకున్నారు. మేం ముడులు వేసేవాళ్ళం. సాయంత్రం ఎడమచేత్తో, పంటితో, ఆవిడే విప్పుకునేవారు. ఒక్కొక్క ముడికీ ఎంతోసేపు పట్టేది.

అలా విప్పుతుండగా ఒక సాయంత్రం ఉండబట్టలేక అనేశాను. "ఆ నాలుగో మంచం మామ్మగారిని మూడు రోజులు నేను తిప్పలేదండి. ఉత్తినే ముడులేశాను."

"తెలుసు." మాట బరువుగా దొర్లింది.

"ఎప్పుడు తెలిసిందండీ?"

"రెండో రోజే. ఇప్పుతుంటే ఆరూ ఒకే బిగువు. నిజంగా ఏసే ముడి... ఒకటి తడిచేత్తో, ఒకటి కంగారుగా. ఒకలా ఉండవే."

"మరి అడగలేదేమండీ?"

సగం విప్పిన ముడిని వదిలేశారు. "అడిగితే దుప్పటెత్తి సూడాలిగా. నేనూ అలిసిపోయాను. రేప్పొద్దున్న సూద్దాంలే అనుకున్నాను. ఆ మర్నాడూ అదే అనుకున్నాను." కాస్త ఊపిరి తీసుకుని అన్నారు. "నాదేనన్నది నిన్ను కాయడానికి కాదే. నాదే."

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీదో, నా మీదో, ఆ వారం పద్నాలుగు మంచాలకి ఇద్దరితోనే సరిపెట్టినవాళ్ళ మీదో తెలియలేదు. తిట్టాలనీ అనిపించింది, ఆ కాళ్ళు పట్టుకోవాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేదు. ఎడమపక్కకి తిప్పే వేళయింది. తిప్పి, ముడి వేశాను.

బుధవారం మంచాలు ఇంకొకరికి అప్పజెప్పి నేను వెళ్ళేసరికి ఆవిడని హాల్లో బల్ల మీద పడుకోబెట్టారు. చర్చి సంఘం ఆడవాళ్ళు పాట పాడుతున్నారు. స్నానం చేయించేటప్పుడు చూశానని చెల్లెలుగారు నా చెవిలో చెప్పారు. వీపు శుభ్రంగా ఉందట, మడమ మీద మాత్రం ఎర్రగా కందిందట. అంత తిప్పినా.

లోపలి గదిలో మంచం ఖాళీగా ఉంది. చువ్వకి పీలిక అలాగే వేలాడుతోంది.

"అది కూడా పారేసెయ్యనా అమ్మా?" అన్నారు చెల్లెలుగారు.

వద్దని నేను తెచ్చుకున్నాను. విప్పబోయి ఆగిపోయాను. అది నా పని కాదు. మొత్తం నాలుగు ముడులు. మొదటిది పొద్దున్న నేను వేసింది, కొంచెం వదులు. మిగతావి చెల్లెలుగారు వేసినవి. రెండోది వంకర. మూడోది తడిసి ఆరి గట్టిపడింది. నాలుగోది పీలిక చివరికంటా జారిపోయి ఉంది. ఏ రెండూ ఒకలా లేవు.