చూడని కుక్కకు చేసిన సంతకం

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను కారేపల్లి నుంచి సారపాక దగ్గరి ఒక ఊరి పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరు పెద్దదే కానీ, అక్కడ నేనూ ఒక అటెండరూ తప్ప ఇంకెవరూ లేరు. అడవి అంచు పల్లెల నుంచి మేకలు, పశువులు వచ్చేవి. పెంపుడు కుక్కలు మాత్రం పక్కనే కొత్తగా లేచిన కాలనీ నుంచి వచ్చేవి.

ఆ కాలనీ పార్కు గేటుకు ఒక బోర్డు పెట్టారు. కుక్కను తెచ్చేవారు మెడకు తాడు వేయాలి, రేబిస్ టీకా కార్డు వాచ్‌మన్‌కు చూపాలి. రాయించే ముందు నన్ను సలహా అడిగితే ఆ రెండు మాటలూ చెప్పింది నేనే.

కార్డు ఇచ్చే పద్ధతి ఇది. ముందు కుక్కను పరీక్షించి జ్వరం లేదని తేల్చుకోవాలి. చర్మం కింద టీకా వేయాలి. సీసా మీది లేబుల్ ఊడదీసి కార్డులోని గడిలో అంటించాలి. ఇవన్నీ అయ్యాకే సంతకం.

ఒక ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక, ఆ కాలనీలోనే ఉండే మా సంఘ పెద్ద ఇమ్మానుయేలు గారు ఖాళీ కార్డు ఒకటి తెచ్చారు. ఉపవాస ప్రార్థనల్లో నా పక్కనే మోకరించే మనిషి. సాయంత్రం కుక్కతో పార్కుకు పోతానని మనవరాలు ఏడుస్తోందని, మర్నాడు పొద్దున్నే కుక్కను నా దగ్గరికి తెస్తానని అన్నారు. చేతిలోని పరిశుద్ధ గ్రంథం మీదే కార్డు ఆనించి సంతకం చేశాను. లేబుల్ గడి ఖాళీగానే ఉంది. మర్నాడు ఆయన రాలేదు. తరువాతి ఆదివారం గుర్తొచ్చింది కానీ, అడిగితే అనుమానించినట్టు ఉంటుందని ఊరుకున్నాను.

నెల తిరగకముందే కాంతమ్మ కడుపు ఉబ్బిన మేకను తోలుకొచ్చింది. ఆ పార్కు ఊడ్చే మనిషి ఆమె. కుడికాలు ఈడుస్తోంది, పిక్కకు గుడ్డ కట్టి ఉంది. ఏమైందని అడిగాను.

“కుక్క కరిచింది సారూ, మొన్న పార్కుల. ఇమ్మానుయేలు సారు తాడు ఇప్పిండు, ఏమనదు అన్నడు. నా చీపురు సప్పుడుకు మీదికొచ్చింది.”

దవాఖానాకు పోయావా అన్నాను.

“ఎందుకు సారూ? కార్డు సూపిచ్చిండు గదా, మీ సంతకమే ఉన్నదంట. ఇంత కారం అద్దిన, గంతే. ముందు మేకను జూడు, సచ్చేటట్టున్నది.”

మందు పట్టే గొట్టం పక్కన పెట్టాను. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషి బతకడం దాదాపు ఉండదు. ఆమె మూడు రోజులుగా నా పేరు నమ్ముకుని, కాలికి గుడ్డ కట్టుకుని, అదే పార్కు ఊడుస్తోంది.

ఆ కుక్కకు నేను టీకా వేయలేదని, దాన్ని అసలు చూడనే లేదని చెప్పాను.

“సూడకుంట సంతకం ఎట్ల పెట్టినవ్ సారూ? నా మేకకైతే సెవి పట్టి సూడంది మందు రాయవు గదా.”

మేకను అటెండరుకు అప్పగించి, కొళాయి కింద ఆమె కాలు పెట్టించి పావుగంటసేపు సబ్బుతో కడిగించాను. గాయం లోపల కారం ఇంకా ఎర్రగానే ఉంది. ఆటోలో గోదావరి వంతెన దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయి, అక్కడి డాక్టరుకు నా తప్పుతో సహా అంతా చెప్పాను. గాయం చుట్టూ రేబిస్‌ను అడ్డుకునే సీరం ఎక్కించి, అదే పూట మొదటి టీకా వేశారు.

బయటికి వచ్చి ఇమ్మానుయేలు గారికి ఫోన్ చేశాను. ఆయన గొంతు ప్రార్థనలో ఎంత మెత్తగా ఉంటుందో అప్పుడూ అంతే మెత్తగా ఉంది.

“ఆమెకు సూదులు ఏపిస్తున్నవ్ గదా బ్రదర్. ఇంక కార్డు ముచ్చట ఎందుకు? సంఘం పరువు పోతది.”

ఈ మాట ఆయన నోట వింటానని నేను అనుకోలేదు. అయినా, అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను ఆదివారం బడి పిల్లలకు నేర్పే నేనే ఆ సంతకం చేసినప్పుడు, ఆయనను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

కార్డు వెనక్కి తెప్పించి రద్దు చేశాను. జరిగింది పై అధికారికి రాసి పంపితే, సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. మరుసటి ఆదివారం సంఘం ముందు లేచి నా తప్పు చెప్పాను. ఇమ్మానుయేలు గారు ఆ తరువాత మా సంఘానికి రాలేదు. కరిచిన కుక్కను పది రోజులు కట్టేసి గమనించాలి కాబట్టి రోజూ వాళ్ల గేటు దగ్గరికి పోయి చూసి వచ్చేవాణ్ని. ఆయన గేటు తీసి లోపలికి వెళ్లిపోయేవారు. పదో రోజు కుక్క మామూలుగానే తింటోంది. అది దేవుని దయ. నా తప్పు మాత్రం తప్పుగానే ఉంది. కాంతమ్మ అన్ని టీకాలూ వేయించుకుంది. మేక కూడా బతికింది.

నలుగురు తిరిగే చోట, టీకా వేసిన కుక్కకైనా తాడు విప్పకూడదు. టీకా వేసిన కుక్క కరిచినా దవాఖానాకు పోవాలి. ఇవి నేను చదువుకున్నవే. ఈ ఉదంతం నేర్పింది ఇంకొకటి: ఆ కార్డే లేకపోయి ఉంటే, కుక్క కరిచిన పూటే కాంతమ్మ దవాఖానాకు పోయేది.