ఉన్ని తీయని వేసవి

నా చిన్నప్పుడు, డెబ్భైల మొదట్లో, మేము ఒహాయోలో ఊరికి దూరంగా ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మా నాన్న నెల్లూరు వైపు పశువుల డాక్టరుగా పనిచేసి వచ్చినవాడు. అమెరికాలో వైద్యం చేసే లైసెన్స్ రాక, ఒక కబేళాలో మాంసం పరీక్షించే ఇన్‌స్పెక్టరుగా కుదిరాడు. పశువుకు మందు వేసి ఎన్నేళ్లయిందోనని అప్పుడప్పుడు అమ్మతో అనేవాడు.

పక్క పొలం ఒక అమెరికన్ ముసలాయనది. ఆయనకో గొర్రెల మంద ఉండేది. నిజానికి దాన్ని చూసుకున్నది ఆయన భార్య. ఆమె చలికాలంలో పోయింది. ఆ తరవాత ఆయన బయటికి రావడమే మానేశాడు. వసంతంలో ఉన్ని కత్తిరించేవాళ్లను పిలవలేదు, తెరిచిన గేటు మళ్లీ మూయలేదు. గొర్రెలు ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంటే, వాటికీ వేసవి సెలవులు ఇచ్చారనుకునేదాన్ని.

జులైలో ఒక ఆదివారం నేనూ నాన్నా కంచె వెంబడి నడుస్తుంటే, ఒక గొర్రె వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటూ కనిపించింది. ఉన్ని బరువుకు లేవలేకపోతోంది. నాన్న కంచె దాటి దాన్ని పక్కకు దొర్లించాడు. తోక దగ్గర పేడతో తడిసి ఈగలు ముసిరిన ఉన్ని విడదీస్తే లోపల చర్మం నిండా పురుగులు. ఆ వాసనకు నేను ముక్కు మూసుకున్నాను. నాన్న నన్ను దూరంగా పొమ్మనలేదు. ఇంటికి వెళ్లి అమ్మ బట్టలు కత్తిరించే కత్తెర తెమ్మన్నాడు.

"నాన్నా, వీటిని ఎవరూ కట్టేయలేదు కదా. ఫ్రీగానే ఉన్నాయి కదా. మరి ఎందుకిలా అయింది?" అని అడిగాను, కత్తెర ఇస్తూ.

నాన్న కత్తిరిస్తూనే చెప్పాడు. వేల ఏళ్ల కిందట అడవి గొర్రెకు ఇంత ఉన్ని లేదట. చలికి మొలిచిన కాస్తా ఎండలు రాగానే రాళ్లకూ పొదలకూ రుద్దుకుంటే ఊడిపోయేదట. మనుషులు వాటిని దొడ్లోకి తోలుకొచ్చారు. ఉన్ని రాలనివాటిని ఎంచి, వాటి పిల్లలనే ఉంచుకుంటూ, మిగతావాటిని కోసుకు తింటూ వచ్చారు. మన నెల్లూరు గొర్రెకు ఇప్పటికీ పొట్టి వెంట్రుకలే, దానికి ఈ బాధ లేదన్నాడు.

"రాల్చుకోవడం దీనికి రాదమ్మా. రాకుండా చేసింది మనమే. ఇప్పుడు గేటు తీసి వదిలేస్తే అది ఫ్రీడమ్ కాదు."

ఇంతలో ముసలాయన వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. నాన్న ఏమంటాడోనని భయపడ్డాను. గొర్రె తల పట్టుకోవడానికి ఒక మనిషి కావాలన్నాడు, అంతే. ఆయన నెమ్మదిగా మెట్లు దిగి వచ్చి, గడ్డిలో కూలబడి, దాని తల ఒళ్లో పెట్టుకున్నాడు. భార్య మందలో ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచేదట. తనకు ఒక్క పేరూ తెలియదని చెప్పి ఏడ్చాడు.

ఆ గొర్రె సాయంత్రానికి చచ్చిపోయింది. మరో రెండింటికి ఇక లాభం లేదని నాన్న తేల్చాడు. నన్ను ఇంటికి పంపేశారు గానీ, తుపాకీ చప్పుడు అక్కడికీ వినిపించింది. మిగిలినవాటికి ఆ వారమంతా నాన్న పని నుంచి రాగానే వెళ్లి ఉన్ని తీశాడు.

చలి మొదలయ్యేసరికి ముసలాయన మందను అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. గొర్రెలు చేరింది నాన్న పనిచేసే కబేళాకే. వంకరటింకర కత్తిరింపులు చూసి గుర్తుపట్టానని నాన్న అన్నం ముందు కూర్చుని చెప్పాడు. నాకు కోపం వచ్చింది. చివరికి చంపేదానికి అంత కష్టపడి కాపాడటం ఎందుకని అడిగాను.

"చివరిదాకా మన చేతిలోనే ఉన్నాయి గదమ్మా," అన్నాడు. "చచ్చే రోజు మనం పెట్టిందైతే, బతికే రోజులూ మన పూచీనే."

ఆ జవాబు అప్పుడు నాకు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. అయినా నన్ను వదల్లేదు. ఏ ప్రాణినైనా తెచ్చి పెంచుకుందామని ఇంట్లో ఎవరైనా సరదాపడితే, అది మన మీదే ఆధారపడ్డాక, మనకు ఒంట్లో బాగోలేని రోజున, మనసు బాగోలేని ఏడాదిన దాన్ని చూసేదెవరని అడుగుతాను. జవాబు లేకపోతే వద్దంటాను. మనవలు నాది రాతిగుండె అనుకుంటారు. అనుకోనీ.