తోమా మాస్టారికి రెండు రాదు

మా దర్శిలో వ్యాయామం మాస్టారుగా పనిచేసి రిటైరైన తోమా గారికి ఒకటి తర్వాత అంకె తెలియదు. పొట్ట గట్టిపడాలని ఎవరు వెళ్లినా వెల్లకిలా పడుకోబెట్టి సిటప్స్ చేయిస్తారు. "ఒకటి" అంటారు. వెంటనే ఏదో తప్పు పట్టుకుంటారు. అది దిద్దాక మళ్లీ "ఒకటి". బ్యాంకు కుర్చీలో పెంచుకున్న బొజ్జతో నేను ఆర్నెల్లు చెమటోడ్చి తీసిన సిటప్స్, ఆయన లెక్కలో, మొత్తం ఒకటి.

మా వ్యాయామశాల ఊరి చివర కల్లం. సీజన్లో మిరపకాయలు ఆరబోసే సిమెంటు గచ్చు అది. కాయ ఎత్తేసినా ఘాటు ఎక్కడికీ పోదు. పడుకోగానే వరసపెట్టి తుమ్ముతాం. మాస్టారు దానికీ సంతోషించేవారు. తుమ్మేటప్పుడు పొట్ట ఎలా బిగిసిందో గుర్తుపెట్టుకుని, లేచేటప్పుడూ అలాగే బిగించమనేవారు. ఊపిరి మాత్రం బిగపట్టకూడదు, లేస్తూ వదలాలి. మోకాళ్లు మడవాలి. పాదాలు ఎవరూ పట్టుకోకూడదు. చేతులతో మెడ లాగామో, ఆ పూట మన పని అయిపోయినట్టే.

"మెడేమన్నా చేంతాడా, పట్టుకుని లాగడానికి?" అనేవారు.

అన్నిటికంటే పెద్ద గండం నిమ్మకాయ. మాస్టారి జేబులో ఎప్పుడూ ఒకటి ఉండేది. గడ్డానికీ రొమ్ముకీ మధ్య పెట్టి లేవమనేవారు. గడ్డం మరీ వంచితే కాయ నలుగుతుంది, మరీ ఎత్తితే జారిపోతుంది. ఏది జరిగినా ఆ సిటప్ లెక్కలోకి రాదు. తోమా గారు నిమ్మకాయలతో ఏదో చేస్తున్నారన్న మాట చర్చి దాకా పాకి, పాస్టరు ఇమ్మానియేలు గారు విచారించడానికి వచ్చారు. వచ్చినాయన్ని వచ్చినట్టే పడుకోబెట్టి గడ్డం కింద కాయ పెట్టారు. మర్నాటి నుంచి పాస్టరు గారు కూడా మాతోపాటు తుమ్మడం మొదలుపెట్టారు.

సెల్‌ఫోన్ల కొట్టు అనిల్ కుమార్‌కి మాత్రం ఇది అవమానంగా ఉండేది. వాడు గుంటూరు జిమ్ములో ఒక్క ఊపున వంద తీసొచ్చిన మనిషి.

"నాకన్నా లెక్కపెట్టండి మాస్టారూ."

"పెడతానే ఉన్నా కదరా. ఒకటి."

మా వరసలో చివరన ఎలీసమ్మ ఉండేది. మిరప కోతలకు వెళ్లే కూలీ. నిరుడు ట్రాక్టర్ మీంచి పడి నడుము దెబ్బతింది. దెబ్బ మానింది గానీ, పొట్టా నడుమూ గట్టిపడితే తప్ప పనికి పోవద్దన్నారు డాక్టరు. ఆసరా లేకుండా కింద నుంచి లేవగలిగితేనే ఈసారి ముఠాలో చోటు అని ముఠా పెద్ద తేల్చేసింది. ఆ కోతలు పోతే ఆవిడకు ఏడాదంతా గడవదు. అసలే సిగ్గరి. భుజాలు జానెడు లేవడమే గగనంగా ఉండేది. అంత లేస్తే చాలమ్మా, నొప్పనిపిస్తే ఆపెయ్ అనేవారు మాస్టారు. ఆవిడకీ ఒకటే, మాకూ ఒకటే.

ఒకరోజు ఎలీసమ్మ కూతుర్ని చూడ్డానికి వినుకొండ వెళ్లింది. ఆ ఉదయం మాస్టారు నిమ్మకాయ బయటికి తియ్యలేదు. ఒకటి, రెండు, మూడు అంటూ గడగడా పన్నెండు దాకా పోయారు. నాకు తలప్రాణం తోకకొచ్చింది. పాస్టరు గారు ప్రభువును తలుచుకున్నారు.

"నిన్నటిదాకా తప్పయింది ఇవాళ ఒప్పెట్టా అయింది మాస్టారూ?" అన్నాడు అనిల్ కుమార్.

మాస్టారు జేబులో నిమ్మకాయ తడుముకున్నారు.

"మీ తప్పులు ఎప్పుడో పోయినయ్‌రా. ఆవిడకి ఇంకా ఒకటే వస్తది. మనం పన్నెండుకి పోతే సిగ్గుపడి మానేస్తది. మానేస్తే ఆ నడుం ఇంక లేవదు."

ఆ మనిషి మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. మర్నాడు ఎలీసమ్మ ముందు పోటీలుపడి తప్పులు చేశాం. అనిల్ కుమార్ నిమ్మకాయను రసం కారేదాకా నొక్కాడు. దొంగ తప్పు చెయ్యడం తన వల్ల కాదన్న పాస్టరు గారికి ఆ అవసరమే రాలేదు. ఆయనది నిజంగానే తప్పు. మాస్టారు అందర్నీ పేరుపేరునా తిట్టి "ఒకటి" అన్నారు.

కోతలు దగ్గరపడ్డాయి. ఓ ఉదయం ఎలీసమ్మ "ఒకటి" దగ్గర ఆగలేదు. మెల్లగా కిందికి వాలి, ఊపిరి వదులుతూ మళ్లీ లేచింది. గడ్డం కింద నిమ్మకాయ కదల్లేదు. మాస్టారు వంగి ఆ కాయను ఓసారి పరకాయించి చూశారు.

"రెండు," అన్నారు.

ఆవిడ అక్కడితో ఊరుకోలేదు. ఎనిమిది దాకా పోయింది. మేం పడుకున్నచోటే నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం.

"ఎప్పట్నుంచమ్మా ఇది?" అన్నారు మాస్టారు.

"శానా రోజులైంది మాస్టారూ, ఇంటికాడ చేస్తన్నా. ఇక్కడ చేస్తే ఈ సార్లంతా చిన్నబోతారని ఆగా. పాపం, వీళ్లకి ఒకటి కూడా సరిగ్గా రావట్లేదు గదా. రేపట్నుంచి కోతలకి పోతన్నానని ఇయ్యాళ చేసేశా."

అలా అని పక్కకు ఒత్తిగిల్లి, ఎవరి ఆసరా లేకుండా లేచి నిలబడింది. నవ్వు పట్టలేక లేవలేకపోతున్న నా వైపు తిరిగి చెయ్యందించింది.

"లేవండి సారూ. మీకూ వస్తదిలే."