సఖినేటిపల్లి రేవులో స్పెయిన్

మొన్న మంగళవారం మా పిన్ని పోయింది. మామయ్య ఫోన్ చేసి "మీ స్పెయిన్ పిన్ని పోయిందమ్మా" అన్నాడు. ఆ పేరు ఊరు వెక్కిరింతగా పెట్టింది. ఆమె చెప్పినవన్నీ కోతలని ఇప్పటికీ అనుకునేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

తొంభైలలో పిన్ని కువైట్‌లో ఒక స్పెయిన్ ఇంజినీరు ఇంట్లో వంటకి కుదిరింది. ఏటా ఈస్టరు సెలవులకి వాళ్ళు తమ సొంత జిల్లా కాసెరెస్‌కి వెళ్తూ, పిల్లల్ని చూసుకోడానికి ఆమెనీ తీసుకెళ్ళేవారు. తిరిగొచ్చాక ఎప్పుడూ ఆ కబుర్లే. అక్కడ కొబ్బరి చెట్టు ఉండదట, కాలవ ఉండదట. కొండరాళ్ళు, పశువుల బీళ్ళు, మధ్య మధ్య ఓక్ చెట్లు. చర్చి గోపురాల మీద కొంగలు గూళ్ళు కట్టుకుంటే ఎవరూ తోలరట. మిరపకాయల్ని కట్టెల పొగలో ఆరబెడతారట. ఆ కారం ఒక డబ్బా మాకు తెచ్చింది. మా అమ్మ పప్పులో వేసి, మాడు వాసనొస్తోందని పారబోసింది. ఉన్న ఒక్క సాక్ష్యం అలా పోయింది.

అన్నిటికంటే వంతెన గురించి ఎక్కువ చెప్పేది. ఎప్పుడో రెండు వేల యేళ్ళ కిందట రోమన్లు రాయి మీద రాయి పేర్చి కట్టిందట, ఇప్పటికీ దాని మీద కార్లు తిరుగుతున్నాయట. ఒకసారి మా సఖినేటిపల్లి రేవులో, గోదావరి దాటించి నర్సాపురం చేర్చే పంటు మీద ఇదే చెబుతుంటే, కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన అందుకున్నాడు.

"కొబ్బరి చెట్టు లేని ఊరు చూడ్డానికి డబ్బెట్టుకుని ఎవరెళ్తారండీ?"

"ఎల్తారండి. ఆ బోడికొండల మీద సాయంత్రం ఎండ చూస్తే మీరూ కదల్రు. అయినా ఆళ్ళు ఎప్పుడో వంతెన కట్టేసుకున్నారండి. మనం ఇంకా పంటు కోసం కాసుక్కూచుంటన్నాం."

"మరి ఫోటో ఏదైనా ఉందాండీ?"

లేదు. పంటు మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. పిన్ని మాత్రం తల దించలేదు. అవతలి రేవు వచ్చేదాకా కొంగల గురించి చెబుతూనే ఉంది.

గల్ఫ్ నుంచి వచ్చిన మగవాడు ఏం చెప్పినా మా ఊరు చెవులప్పగించి వింటుంది. ఆడమనిషి చెబితే ఫోటో అడుగుతుంది. ఫోటో ఎందుకు లేదని పోయిన నెల ఆస్పత్రిలో నేనే అడిగాను. కెమెరా ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉండేదట.

"వంతెన మీద ఆళ్ళందర్నీ నిలబెట్టి తీసేనమ్మా. ఎండ నా ఎనకమాల ఉంది. నా నీడ కొంగుతో సహా పోయి ఆళ్ళ కాళ్ళ మీద పడింది. దొరసానిగారు చూసి, పక్కకి జరిగి తియ్యమన్నారు. 'ఆయ్' అన్నాను. జరక్కుండానే నొక్కేసేను."