మొలతాడు కట్టింది నేనే

మా అమ్ములుకు ఏడాదిన్నర అప్పుడు ఒక మధ్యాహ్నం జ్వరం వచ్చింది. ఉచ్చ పోసినప్పుడల్లా ఏడ్చింది. పులికాట్‌లో రొయ్యలు పట్టే నాకు ఏ జ్వరమైనా మూడు రోజులే అన్న ధీమా. నాలుగో రోజు ఎడమ పక్క పొట్ట గట్టిగా తగిలింది. సూళ్లూరుపేటలో స్కాన్ తీసి తిరుపతికి పొమ్మన్నారు.

కిడ్నీ నుంచి మూత్రం దిగే దారి ఇరుగ్గా ఉందని, ఆపరేషన్ చేస్తే కిడ్నీ దక్కుతుందని అక్కడ తేల్చారు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"పాప నిద్రపోయాక వెన్ను చివర కాడల్ క్యాథెటర్ అని సన్నటి ట్యూబు పెడతాం. దాంట్లో మందు కొంచెం కొంచెం పోతుంది. లేచాక కూడా నొప్పి పెద్దగా తెలీదు."

"కాళ్లు పడిపోవు కదా మేడం?"

"కాస్త బరువుగా ఉండొచ్చు. మందు ఆపితే మామూలే."

ఆపరేషన్ బాగా జరిగింది. మరుసటి ఉదయం పాప పాలు తాగి నవ్వింది. ఆపరేషన్‌కు ముందు తీయించిన మొలతాడు నా జేబులోనే ఉంది. మొల బోసిగా ఉంటే బిడ్డకు దిష్టి అని మా వాళ్ల పట్టు. నర్సు అటు వెళ్లగానే కట్టేశాను. వలలు అల్లే చెయ్యి కదా, ముడి గట్టిగానే పడింది. తాడు ట్యూబు మీదుగా పోయిందని చూసుకోలేదు.

నా భార్య సుజాత పాపను ఎత్తుకోగానే తాడు ట్యూబును లాగింది, దాన్ని అంటించిన ప్లాస్టర్ లేచింది. గబగబా తాడు విప్పి, ప్లాస్టర్ మళ్లీ అదిమేశాను. గంటకల్లా పాప గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మ వచ్చి చూశారు. పైకి ప్లాస్టర్ బాగానే ఉంది. "ఉన్నట్టుండి ఇంత నొప్పేంటి? లోపల మూత్రం లీకవుతోందేమో, స్కాన్‌కు పంపుదాం" అన్నారు. విప్పిన మొలతాడును నేను జేబులో ఇంకా లోపలికి తోశాను.

"ఏమయ్యా, చెప్పు. బిడ్డ ఏడస్తా ఉండాది" అంది సుజాత.

"మొలతాడు నేనే కట్టినాను మేడం. ట్యూబు లాక్కున్యాది. ప్లాస్టర్ కూడా నేనే అతికించినాను."

ఆమె వెంటనే ప్లాస్టర్ విప్పారు. ట్యూబు దాదాపు బయటికి వచ్చేసి ఉంది. తీసేసి, కొన తెగలేదని చూసుకుని, నొప్పికి సెలైన్‌లో వేరే మందు ఇచ్చారు. పాప కుదుటపడ్డాక నా వైపు తిరిగారు.

"కట్టడం తప్పే. చెప్పకపోయుంటే మేం లోపల వెతుకుతూ ఉండేవాళ్లం, పాప ఏడుస్తూనే ఉండేది."

సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు అమ్ములుకు నాలుగేళ్లు. మొన్నటి స్కాన్‌లో కిడ్నీ చక్కగా ఉంది. పడవెక్కితే దిగదు. దిగమంటే "నువ్వే దిగు నాయనా" అంటుంది.

ఆస్పత్రిలో బిడ్డ ఒంటికి ఏం కట్టాలన్నా, పూయాలన్నా ముందు నర్సును అడగండి. అడక్కుండా చేసేసి ఉంటే అప్పుడే చెప్పేయండి. మనం తప్పు దాచుకున్నంతసేపూ నొప్పి పడేది బిడ్డే.