ఈదయ్య చెరిపిన రాతలు

1969లో తెలంగాణ ఉద్యమం వల్ల కాలేజీలు సరిగ్గా నడవలేదు. నారాయణగూడలో పాఠాలు చెప్పే నాకు ఆ ఖాళీ కలిసొచ్చి, పిల్లల సాహిత్యం మీద పరిశోధన మొదలుపెట్టాను. పిల్లల కోసం పెద్దలు ఏం రాశారో ఏ లైబ్రరీలో అడిగినా చెబుతారు. చదివిన పిల్లలు ఏమనుకున్నారో చెప్పే కాగితం ముక్క మాత్రం ఎక్కడా లేదు. అది లేకపోతే నా పరిశోధన వట్టి జాబితా.

చివరికది చిక్కడపల్లి సందులో దొరికింది. అద్దె గదిలో చిన్న పిల్లల గ్రంథాలయం. ఊడ్చేదీ, పుస్తకాలిచ్చేదీ, కాపలా కాసేదీ ఈదయ్యే. పాలమూరు నుంచి కూలికొచ్చి, ఇటుకలు మోసి నడుము పోగొట్టుకున్నాక ఇక్కడ కుదురుకున్నాడు. నేను వెళ్లిన తొలిరోజే ఒక పుస్తకం చివర పెన్సిలు రాత కనిపించింది: ‘కుందేలు చచ్చిపోకుంటే బాగుండు.’ నా ప్రాణం లేచొచ్చింది. అప్పటికే మూసే వేళైంది. “ఈదయ్యా, వచ్చేవారం వచ్చి అన్ని పుస్తకాలూ చూస్తాను” అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆ తప్పు నాదే.

వారం తర్వాత వెళితే పుస్తకాలన్నీ బల్ల మీద దొంతరగా పెట్టి ఉన్నాయి. ఒక్క దాంట్లోనూ పెన్సిలు గీత లేదు.

“అన్ని తుడిసేసిన మేడమ్” అన్నాడు ఈదయ్య మురిసిపోతూ. చేతిలో అరిగిన రబ్బరు ముక్క. “పుస్తకాలు గిట్ల ఖరాబ్ జేసిండ్రని పోరగాండ్లను మీరు ఏమన్న అంటరేమోనని.”

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. “ఎంత పని చేశావయ్యా! నాకు కావలసింది ఆ రాతలే!” అని అరిచేశాను. పాలిపోయిన అతని మొహం చూశాక నాకే ఏడుపొచ్చింది.

ఈదయ్య ఒక పుస్తకం తెరిచి, ఖాళీ చోట వేలు పెట్టాడు.

“ఈడ రత్నమాల రాసింది. ‘రాక్షసుడు పాపం, వానికి అమ్మ లేదు’ అని.”

“నీకు చదవడం వచ్చా?”

“రాకుండె. పోరగాండ్లు పెద్దపెద్దగ రాస్తరు గద. అవే సూసి, వాండ్లనే అడిగి నేర్సుకున్న. అన్ని యాదికున్నయ్.”

సాయంత్రం దాకా అతను చెబుతుంటే నేను రాసుకున్నాను. ఆఖరి పుస్తకంలో మాత్రం ఒక వంకర రాత చెరగకుండా ఉంది: ‘ఈ కత మా అవ్వ చెప్పింది.’

“ఇదెవరు రాశారు?”

ఈదయ్య సిగ్గుపడిపోయాడు. “గది నాది మేడమ్. తుడువబుద్ధి గాలే. నేను పోరన్ని గాదు గద, మీకు పనికిరాదు. తుడిసేస్త.”

చేతిలోంచి రబ్బరు ముక్క లాక్కుని నా సంచిలో వేసుకున్నాను. ఇప్పటికీ అది నా దగ్గరే ఉంది.